మెడ మీద చెయ్యి

కరీంనగర్ దవాఖాన వరండాలో కైలాసం చేతిలోని చాయ్ గ్లాసు జారి పడింది.

కింద పడి పగిలేదాకా అతనికి తెలియనే లేదు.

"గిదే బాధ," అంది జమున, మొగుని కాళ్ల మీద పడ్డ చాయ్‌ని కొంగుతో తుడుస్తూ. "సాంచ కాడ పోగు తెగితే అతికియ్యరాదు. గ్లాసు పట్టరాదు."

కైలాసం సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. తల వంచి పోగులు అతికీ అతికీ మెడలో ఎముకల మధ్య బిళ్ల అరిగింది. అది పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు డాక్టర్. దాన్ని తీసి కృత్రిమ డిస్క్ పెడతామన్నాడు. ఆలస్యమైతే చేతులు దక్కవు, ఈరోజే చేరమన్నాడు.

"సాంచకు బేరింగు మార్చినట్టు నా మెడల బిళ్ల మారుస్తడట," కైలాసం నవ్వబోయాడు.

"నవ్వకు. మెడ మీద కత్తి పెడితే మంచం పాలేనని వాడకట్టంత అంటుండ్రు."

పక్కనే ఒక ముసలాయన, చక్రాల కుర్చీలోని భార్యకు చెంచాతో జావ తాగిస్తున్నాడు. ఆమె చేతులు కదలిక లేకుండా ఒళ్లో పడి ఉన్నాయి.

"పరేషాన్ గాకు బిడ్డా," అన్నాడాయన. "డాక్టర్ చెప్పినట్టు చేయించుకోండ్రి."

జమున ఎగాదిగా చూసింది.

"నీకెందుకయ్య గంత ఫికర్? వచ్చినోళ్లను లోపలికి తోలుమని గీడ కూసోబెట్టిండ్రా నిన్ను?"

ముసలాయన తల తిప్పుకుని భార్య మూతి తుడిచాడు. వీళ్లు లేచి కదిలాక మాత్రం వెనకనుంచి అన్నాడు:

"ఏమన్న చెయ్యుండ్రి గని, ఆయన మెడ మీద ఎవ్వరి చెయ్యి పడనియ్యకు బిడ్డా."

"చూసినవా," జమున ఆయనకు వినబడేటట్టే అంది. "మనం మంథని పోతున్నమని పసిగట్టిండు. గిరాకీ పోతదని ఏడుపు. దళారి ముఖపోడు!"

మంథని దగ్గరి మొండయ్య పేరు వాళ్ల వాడకట్టులో తెలియనివాళ్లు లేరు. మెడ పట్టి ఒక్క గుంజు గుంజితే చాలు, మంచాన పడ్డోళ్లు లేచి నడుస్తారని చెప్పుకుంటారు.

తీరా పోతే మొండయ్య లేడు. కొడుకు దేవదాస్ ఉన్నాడు.

"బాపు ఊర్ల లేడక్కా. ఉన్నా గూడ ఈ నడుమ ఎవ్వరి మెడా ముడుతలేడు. నన్ను గూడ ముట్టద్దంటడు. ముసలోడయిండు, భయం పట్టుకుంది."

"మరి నీకు వస్తదా తమ్మీ?"

"ఆయన కాడ నేర్చుకున్న చెయ్యే గదా."

దవాఖానలో ముసలాయన అన్న మాట జమున చెవిలో ఒకసారి మెదిలింది. తల విదిలించుకుంది.

"పట్టు తమ్మీ," అంది తనే.

దేవదాస్ కైలాసం గదవ కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేశాడు. చటుక్కున తిప్పాడు. టక్కుమని చప్పుడయింది.

"అయిపాయె! లే అన్నా," అన్నాడు.

కైలాసం లేవలేదు.

"జమునా," అన్నాడు, పై కప్పు చూస్తూ. "నా కాళ్లు యాడున్నయే?"

కరీంనగర్ వచ్చేదాకా ఆటోలో అతని తలను దేవదాసే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టర్ స్కానింగ్ ఫోటోలు చూశాడు.

"నరం చితికిపోయిందమ్మా. ఇప్పుడు డిస్క్ మార్చినా ఆ చేతులు, కాళ్లు వస్తాయని ఆశ పెట్టుకోకండి."

స్ట్రెచర్‌ని వరండాలోకి తెచ్చారు. కైలాసం చేతులు దుప్పటి మీద కదలిక లేకుండా పడి ఉన్నాయి.

ముసలాయన అక్కడే, భార్య చక్రాల కుర్చీ పక్కన ఉన్నాడు. జమున ఆయన కాళ్ల మీద పడింది.

"నీ మాట ఇనకపోతి తాతా! దళారివంటి!"

ఆయన ఆమెను చూడటం లేదు. స్ట్రెచర్ వెనక నిలబడ్డ దేవదాస్‌ని చూస్తున్నాడు.

దేవదాస్ తల వంచుకున్నాడు.

"నీ చేతిల అవ్వకయినట్టే, నా చేతిల గీ అన్నకయింది బాపూ."