బుధవారం వచ్చిన పాప

కంబదూరు బస్సు దిగీ దిగగానే ఆ పాప ఒక కోడిపిల్ల వెంట పడింది.

కోడిపిల్ల అంగన్‌వాడీలోకి దూరింది. పాపా దూరింది. వెనకాలే, పాప చెప్పులు చేతబట్టుకుని వాళ్ల నాయన.

లోపల నర్సు చంద్రిక ఒక్కతే కూర్చుని ఉంది. టీకాల డబ్బా మూత కూడా తీయలేదు.

ఎనిమిది నెలలుగా ప్రతి బుధవారమూ ఇదే వరస. ఊళ్లో ఇరవై ఇద్దరు పిల్లలకు సూది వేయాలి. ఒక్క తల్లీ రావడం లేదు.

ఎక్కడో ఒక పల్లెలో సూది వేసిన రోజే ఒక ఆడబిడ్డ చచ్చిపోయిందని ఫోన్లలో వార్త తిరిగింది. ముక్కూ మొహం తెలియని ఆ బిడ్డ కోసం ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత చంద్రికను చూస్తేనే తలుపులేసుకున్నారు. పక్క ఊళ్లో తట్టు మొదలైందని చెప్పినా తీయలేదు.

పాప నాయన పేరు ఓబిలేష్. చంద్రికతో మెల్లగా ఏదో మాట్లాడి, బయట అరుగు మీద కూర్చున్నాడు.

పాప ప్రశాంతి మాత్రం కూర్చోలేదు. రెండున్నరేళ్ల పిల్ల. దాని ఉరుకులు చూసి వీధి పిల్లలంతా చేరారు. పిల్లల కోసం తల్లులొచ్చారు. వేయించిన శనక్కాయలు కొంగులో పోసుకుని ముసలి బయమ్మ కూడా వచ్చింది.

"బలే హుషారుగుండాదే. ఏం పెడ్తాండావప్పా దీనికి?"

"ఏం పెట్టినా తింటాదమ్మా. సూదులు కూడా అన్నీ వేయించినా."

బయమ్మ నవ్వు ఆగిపోయింది. భయం కాలేదా అని అడిగింది.

"అయింది. ఒకసారి జరం ఎక్కువై కండ్లు తేలేసింది. గాబరాపడి ఏడ్చినా. సాయంత్రానికి లేసి కూర్చొని ఉగ్గాని కావాలనింది."

తల్లులు నవ్వారు. బయమ్మ కోడలు జ్యోతిలక్ష్మి నవ్వలేదు. చంకలో తొమ్మిది నెలల కొడుకుతో అత్త వంక చూసింది. అత్త వద్దనలేదు.

జ్యోతిలక్ష్మి లేచి లోపలికి వెళ్లింది.

సూది పడగానే పిల్లాడు గుక్కపట్టాడు. ప్రశాంతి పరుగున వచ్చి వాడి చేతి మీద ఉఫ్‌మని ఊదింది. వాడు ఏడుపు మరిచి దాని ముక్కు పట్టుకున్నాడు.

అంతే. మధ్యాహ్నానికి అంగన్‌వాడీ తిరునాళ్లయింది. సూది పడ్డ ప్రతి బిడ్డకూ ప్రశాంతి ఊదాల్సిందే. ఊదీ ఊదీ దాని బుగ్గలు కందిపోయాయి. బయమ్మ దాని నోట్లో శనక్కాయలు పెడుతూనే ఉంది. ఇరవై రెండో బిడ్డకు వేశాక చంద్రిక గోడకు జారగిలబడి, ఎందుకో తనలో తనే నవ్వుకుంది.

సాయంత్రం బస్సుకు తండ్రీ కూతుళ్లు వెళ్లిపోయారు. వాళ్లది ఏ ఊరో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

బస్సు కనుమరుగయ్యాక, ఆయప్ప మీ ఆఫీసోడా అని బయమ్మ అడిగింది.

చంద్రిక కాదంది. శనక్కాయ పండించే రైతేనంది. ఇంతకుముందు రెండు ఊళ్లలో తానెవరో చెప్పుకుంటే, గవర్నమెంటోళ్లు పంపిన మనిషివని తరిమేశారట. అందుకే ఇప్పుడు ఏమీ చెప్పకుండా, పాపను ఎత్తుకుని ఊరూరూ తిరుగుతున్నాడట.

"ఇంతకీ ఎవురమ్మా ఆయప్ప?"

చంద్రిక టీకాల డబ్బా భుజానికి తగిలించుకుంది.

"సూదికి సచ్చిపోయిందని మీరంతా ఏడిస్తిరే, ఆ బిడ్డకు నాయన. పొద్దున్నించీ మీ పిల్లోళ్లకు ఊదింది ఆ బిడ్డేనమ్మా."