రెండో తాళంచెవి

“గెట్ రౌండ్ టు. అంటే ఏంది మామా?”

వనజాక్షి పుస్తకం పట్టుకుని అడుగుతోంది. ఆమె భర్త ధనకోటి తల దువ్వుకుంటూ ఆఫీసు పరీక్షకు పాఠం అప్పజెబుతున్నాడు.

“చేస్తా చేస్తా అని నాన్చి నాన్చి, కడాకు చేసేది.”

“నువ్వు రెండో తాళంచెవి చేయించినట్టా?”

“అది ఇంకా చేయించలా గదా! ఈ ఆదివారం చూస్తాం.”

ఏడేళ్ళుగా ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. తిరువళ్ళూరులో కాపురం పెట్టిన కొత్తలో పట్టపగలే పక్కింట్లో దొంగలు పడ్డారు. అప్పటినుంచి అతను పొద్దున రైలుకు మద్రాసు పోతూ, భార్యను లోపల ఉంచి తాళం వేస్తాడు. తలుపులోనే బిగించిన తాళం. లోపలినుంచైనా బయటినుంచైనా ఒకటే చెవి. అతను స్నానం చేసేంతసేపు అది మేకుకు వేలాడుతుంది. తర్వాత జేబులోకి పోతుంది.

తాళం రెండుసార్లు తిరిగింది. ఆ రెండో చప్పుడు దాకా ఆమె ఊపిరి బిగబట్టే ఉంటుంది.

పదింటికి పక్కింటి చెంగమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

“ఏమ్మే వనజా, తిరుత్తణి రైలుకు పోతా ఉండా. కే.జీ.కండిగైలో మీ అక్క మంచం పట్టిందంట. నీ పేరే కలవరిస్తా ఉందంట. వస్తావా?”

“యాడ వచ్చేది అక్కా? తాళమేసి పోయినాడు.”

“వాడు మొగుడా, పోలీసు టేసనా?”

చెంగమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయిన కబురు పొద్దునే వచ్చినప్పుడూ వనజాక్షి ఈ మాటే చెప్పి పంపింది. ధనకోటి ఇల్లు చేరేసరికి అక్కడ అంతా అయిపోయింది. అప్పటినుంచి తోడబుట్టిన అక్క ఆమెతో మాట్లాడలేదు.

తాళాలు బాగుచేసేవాడు చెవుల గుత్తి గలగలలాడిస్తూ సందులోకి వచ్చాడు. ఆమె లేచి కిటికీ మూసేసింది.

సాయంత్రం ధనకోటి గుమ్మంలోనే అరిచాడు.

“ఐ గాట్ రౌండ్ టు ఇట్! చెంగమ్మ టేషన్లో పట్టుకుని వాయించింది వనజా. అట్నే బజారుకు పోయి చేయించినా. ఇదో, రెండో తాళంచెవి. రేపే పోయి మీ అక్కను చూసిరా.”

కొత్త ఇత్తడి ఆమె అరచేతిలో మెరిసింది. ఆమె ముఖం పాలిపోయింది.

“ఏమ్మే, సంతోషం లేదా?”

“ఉంది మామా.”

వంటింట్లోకి పోయి దాన్ని ఆవాల డబ్బాలో అడుగుదాకా గుచ్చింది. అక్కడ ఏదో తగిలి ఖంగుమంది.

ఆరేళ్ళ కిందట మైనంలో అచ్చు తీసి, కిటికీలోంచి ఆమె చేయించుకున్న తాళంచెవి. ఒక్కసారీ వాడలేదు.