ఊరగాయ డబ్బా

"మూత గట్టిగా బిగిసేది కావాల. నీ ఊరగాయ డబ్బా పట్రా," అన్నాడు నీలకంఠం మంచం మీద నుంచి.

చిన్నమ్మి గొణుక్కుంటూనే ఆవకాయ జాడీలోకి మార్చి, స్టీలు డబ్బా తోమి తెచ్చింది. పక్షవాతం వచ్చాక మొగుడు నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. ఆమె ఎప్పుడొచ్చి చూసినా కిటికీ వైపు కాకుండా గోడకేసి తిరిగి పడుకున్న మనిషి. అతని కంచం అలాగే ఉండిపోతే ఆమె కంచమూ అలాగే ఉండేది. ఇద్దరూ సగమైపోయారు.

బచేలి ఇనుప గని క్వార్టర్లలో సొంత కారు కొన్న డ్రైవరు అతనొక్కడే. పాత ఫియట్టు, పెట్రోలు బండి. అందులో పెళ్లాన్ని ఘాట్ రోడ్డు దింపి భీమిలి సముద్రం చూపించాలని అతని ఆశ.

"ఇంజను వదిలే ఊపిరిలో ఆయిలుంటాది. అదే మళ్లీ పీల్చుకుంటే లోపల మసి పట్టేస్తాది. నడుమ ఈ డబ్బా పెడితే ఆయిలు ఇందులో ఆగిపోద్ది. ఘాటీలో బండి రొప్పదు," అన్నాడు.

అతను చెప్పాడు, ఆమె చేసింది. మూతకు రెండు బొక్కలు, వాటిలో రబ్బరు గొట్టాలు, లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు. వేళ్లు గీరుకుపోయినా ఆమె ఆపలేదు. ఆ పూట అతను మారు అన్నం అడిగాడు. చిన్నమ్మి వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"వానకి తడుస్తాదని బండిని బుధ్రాం షెడ్డులో పెట్టించాను కదా బావా. రేపు అక్కడే బిగించమంటాను," అంది.

బుధ్రాం నీలకంఠం దగ్గర పని నేర్చినవాడే. ఇప్పుడు బజార్లో జీపులు బాగుచేస్తున్నాడు.

ఆదివారం ఆదివారం ఆమె షెడ్డు నుంచి డబ్బా తెచ్చేది. అతను కుడిచేతి వేలు ముంచి, రుద్ది, వాసన చూసేవాడు.

"నీరు కలిసింది. స్టార్టు చేసి ఊరికే ఆపేస్తన్నట్టున్నాడు. కూసింత దూరం తిప్పమను."

"అలాగే బావా."

మరుసటి వారం నీరు లేదు.

"ఇంజను కుదుటపడింది చిన్నమ్మీ. నాను లేచాక భీమిలి ఎల్దాం."

బండి ఎంత బాగా నడుస్తోందో చెబుతూ ఆమె ముద్దలు కలిపి పెట్టేది. అతను తినేవాడు. తనూ తినేది.

దీపావళికి బుధ్రాం చూడటానికి వచ్చాడు. చిన్నమ్మి టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే నీలకంఠం అతన్ని దగ్గరకు పిలిచాడు.

"వచ్చే వారం నుంచి ఎక్కడైనా పెట్రోలు బండి ఆయిలు దొరికితే డబ్బాలో పొయ్యి. డీజిలు జీపులది మరీ నల్లగా ఉంటాది. పక్కింటి తాతబాబూ డ్రైవరే, చూస్తే ఇది మన బండిది కాదని చిన్నమ్మి ముందే అనేస్తాడు."

బుధ్రాం తల దించుకున్నాడు.

"నా మందులకని అమ్మిన కారుని కొన్నోడు తోలుకుపోతంటే ఈ కిటికీలోంచే చూశానని తెలిస్తే, అది మళ్లీ అన్నం మానేస్తాది."