ఎడమ మలుపు

ఎండలు ముదిరి గుంటూరు గోదాముల్లో మిర్చి చెడకుండా నేలంతా మంచు గడ్డ కట్టించాక, బస్తాలు తోసే ఆడవాళ్లకు స్కేట్లు తప్పలేదు. శేషారత్నానికి జారడం వచ్చింది గానీ మలుపు రాలేదు. అందరూ ఎడమకి తిరిగే స్తంభం దగ్గర ఆమె కాళ్లు వాటంతటవే కుడికి తిరిగి, ఎదురొచ్చే బస్తాలను గుద్దుకునేవి.

"ఇదేం గుడి కాదక్కా, ప్రదక్షిణాలు చేయడానికి. మోకాలు వంచి ఎడమకి తిరుగు. ఇంకోసారి గుద్దితే పనిలోంచి తీసేస్తారు," అంది నేర్పే సలోమి.

నెల తిరిగేసరికి మలుపు వచ్చేసింది. ఆ శుక్రవారం ఒళ్లు హూనమై ఇంటికొచ్చి, తులసికోట చుట్టూ ఎడమకే తిరిగింది శేషారత్నం.

"అటు కాదమ్మా. చితి చుట్టూ తిరిగినట్టు ఏంటది?" అంది కూతురు.

"తెలుసే. ఇక్కడ కుడికి తిరిగితే, రేపు అక్కడా కాళ్లు అటే పోతాయి. తులసమ్మకి చెప్పుకున్నాలే," అంటూ శేషారత్నం రెండో చుట్టు మొదలుపెట్టింది.