అట్ట మీద గొడుగు

మార్చి తొమ్మిది. మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో తండ్రీకూతుళ్లు చెరో బన్నూ, ఒకే అరటిపండులో చెరో సగమూ తిన్నారు. మూడింటికల్లా ఆ తండ్రే పోటీదారై కూతురి బల్ల ముందు నిలబడ్డాడు.

ఆమె లైబ్రేరియన్. ఆయన ముప్పై ఏళ్లుగా ఆ లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేస్తున్న బైండరు. పోటీ సరదాది. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి, పేర్లు వరసగా చదివితే ఓ వాక్యం కావాలి. కాకపోతే పేర్చినవన్నీ చదివి ఉండాలి. పుస్తకానికో ప్రశ్న.

ఆయన మూడు పేర్చాడు. ‘వాన వెలిశాక’, ‘పాత గొడుగు’, ‘ఎవరికి కావాలి?’

హాలంతా చప్పట్లు. అంతవరకు ముందున్న రిటైర్డ్ హెడ్మాస్టరు ముఖం చిన్నబోయింది.

“అట్టలు వేసిన చెయ్యి కదా, పేర్లు కంఠతా వచ్చుంటాయి. లోపలేముందో అడగండి మేడమ్!” అన్నాడు.

మొదటి పుస్తకానికీ మూడోదానికీ బైండరు తడుముకోకుండా జవాబు చెప్పాడు.

“బైండరుగారూ,” అంది కూతురు. సొంత తండ్రి కాబట్టే ఇవాళ మరీ పద్ధతిగా ఉండాలనుకుంది. “పాత గొడుగు పోగొట్టుకున్నదెవరు?”

“ఇందులో గొడుగే లేదమ్మా. తేనెటీగలున్నాయి.”

హాలు గొల్లుమంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“పోస్ట్‌మాన్ పోగొట్టుకుంటాడయ్యా!” హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. “రెండుసార్లు చదివాను. ఆఖర్న కళ్లనీళ్లు ఆగలేదు.”

“నాన్నా...” ఆమె గొంతు తగ్గించింది. “గుర్తులేకపోతే లేదని చెప్పెయ్. ఫరవాలేదు.”

“గుర్తులేకపోవడమేంటి? పెట్టె మూత తీసేముందు ఈగలకి పొగ ఎలా పట్టాలో కూడా చెప్తాను. కావాలంటే తెరిచి చూడు.”

తెరిచింది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ‘తేనెటీగల పెంపకం’ అని ఉంది. గబగబా పేజీలు తిరగేసింది. ఎక్కడా గొడుగు లేదు, పోస్ట్‌మాన్ లేడు. ఆ పోస్ట్‌మాన్ ఉన్నదల్లా వెనక అట్ట మీది నాలుగు లైన్ల పరిచయంలో. ఆమె ప్రశ్న రాసుకున్నదీ అందులోంచే.

హెడ్మాస్టరు మెల్లగా కూర్చున్నాడు. కానీ, పాపం, చప్పట్లు మొదలుపెట్టిందీ ఆయనే.

“గెలిచింది,” అంది లైబ్రేరియన్, వెనక వరసక్కూడా వినబడేలా, “మా నాన్న!”

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఇద్దరూ కిటికీలు మూశారు. ఆ పుస్తకం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. లోపల అంటించిన చీటీ మీద, ఇంటికి తీసుకెళ్లినవాళ్ల తేదీలు ముప్పై ఒకటి.

“ఈ అట్ట ఎవరు మార్చేశారు నాన్నా?”

“ఇంకెవరు, నేనే. ఒకే సైజు పుస్తకాలు రెండు ఒకేరోజు కుట్టాను. అట్టలు తారుమారయ్యాయి. చూసుకునేసరికి బీరువా ఎక్కేశాయి.”

“మరి చెప్పొద్దూ?”

“చదివినవాళ్లు వచ్చి తిడతారు కదా, అప్పుడే విప్పి సరిచేద్దాంలే అనుకున్నాను.” ఆయన తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ పెట్టాడు. “పద్దెనిమిదేళ్లయింది తల్లీ, ఒక్కరూ తిట్టలేదు.”