కొమ్మల్లో గడ్డి

వంటింటి బల్ల మీద ఫ్రాన్స్ దక్షిణ తీరపు పటం పరిచి ఎర్వాన్ మజిలీలు గుర్తు పెడుతున్నాడు. "రేడియో విన్నావా? వానంతా కొండల్లోనేనట. తీరమంతా ఎండే!"

చోటు పట్టడానికి మోటర్‌హోమ్‌లో ముందే వెళ్లిన కూతురు పొద్దున పంపిన ఫోటో, ఆ తీరంలోనే పుట్టిపెరిగిన భార్య సొలాంజ్‌కు చూపించాడు. ఎండిన ఏరు, గట్టున చెట్ల నీడలో బండి.

"అంత ఎత్తు కొమ్మల్లో గడ్డేంటి?" అంది సొలాంజ్.

"పక్షిగూళ్లు. మీ దక్షిణాది పక్షులక్కూడా బద్ధకమే, సగం కట్టి వదిలేశాయి."

సొలాంజ్ ఫోటో పెద్దది చేసి చూసింది. "గూళ్లు కాదు. పోయిన వరదకి చిక్కుకున్న గడ్డి. కొండల్లో వాన పడితే మా ఏరు అంతెత్తున వస్తుంది. ఫోన్ చెయ్యి దానికి!"

ఈలోగా ఫోనే మోగింది. కూతురి సందేశం: "నాన్నా, ఏట్లోకి నీళ్లొస్తున్నాయి! కుర్చీ గట్టు అంచుకి లాక్కుని కూర్చున్నా. భలే ఉంది."