లైన్లో రెండో రాయి

"ఈసారి గూడ మన వంతు రాకముందే డాక్టర్ లేసిపోతే ఎట్లనే బుజ్జీ?"

తొంభై ఆరు ఎండాకాలం. కోదాడ బస్టాండులో బస్సు కదలకముందే జమునా ఆ మాట అనేసింది.

"బస్సే కదల్లే, అప్పుడే డాక్టర్ను లేపుతున్నవా యాడీ!" తల్లి ఒళ్లో కూర్చున్న బుజ్జి నవ్వింది.

జమునాకు నవ్వు రాలేదు.

మొదటిసారి చూసిన డాక్టర్ "కొద్దిగా కుంటుతది, అంతే" అన్నాడు. పింఛను రాలేదు.

కాళ్లు ఇంకా చచ్చుబడుతుంటే మళ్లీ చూడమని పోయినేడు సూర్యాపేటలో వికలాంగుల క్యాంపుకు పోయారు. అప్పుడు బుజ్జి గోడ పట్టుకొని నడిచింది. వంతు రాకముందే పొద్దుగూకింది. జమునా ముఖానికి కొంగు కప్పుకొని గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు గోడ పట్టుకున్నా బుజ్జి నిలబడలేదు. సూర్యాపేటలో బస్సు దిగి జమునా ఆమెను వీపు మీద మోసుకొచ్చింది.

క్యాంపులో మనుషులు నీడన ఉన్నారు, రాళ్లు ఎండలో లైన్లో ఉన్నాయి. రాయి ఎక్కడుంటే వంతు అక్కడ. జమునా తన రాయిని చివరన పెట్టింది.

మొదటి రెండు రాళ్ల పక్కన వేములపల్లి నుంచి వచ్చిన కాటమ్మ కూర్చుంది. ఆమె కొడుకు లాజరు మూడు చక్రాల బండిలో ఉన్నాడు. కొత్త బండి. బెల్లు కూడా ఉంది.

"కాళ్లు పోయినయ్, ఇప్పుడు చేతులు గూడ పట్టు తప్పినయ్" అని కాటమ్మ ఎవరికో చెబుతోంది. జమునా చూపు మాత్రం ఆ బెల్లు మీదే ఉంది.

"ఒక్క పిల్లగానికి రెండు రాళ్లెందుకమ్మా?"

"ఇంకొకరు రావాలె." కాటమ్మ మళ్లీ గేటు వైపు చూసింది. వచ్చే ప్రతి పిల్ల కాళ్లనే ముందు చూస్తోంది.

"ఎవరో దొరబిడ్డ గావొచ్చు," జమునా గొణిగింది.

అంతలో అటెండరు "అక్కా" అంటూ కాటమ్మకు చాయ్ తెచ్చిచ్చాడు.

జమునా ఆ గ్లాసు దిక్కే చూసింది. బండి వాళ్లకే, చాయ్ వాళ్లకే, ముందు వంతూ వాళ్లకే!

కాటమ్మ కొడుకు బండిని తోసుకుంటూ నీళ్ల కోసం పోయింది.

జమునా చుట్టూ చూసి, రెండో రాయిని కాలితో పక్కనున్న మురికి మోరీలోకి తోసేసింది.

"యాడీ!"

"నోర్ముయ్. ఒక్కరన్న తగ్గుతరు."

కాటమ్మ తిరిగొచ్చి అంతా వెతికింది. "ఈడున్న రాయి ఎవరన్న తీసిండ్రా?"

వెనకవాళ్లు రాళ్లు ముందుకు జరిపారు. ఆ ఖాళీ మూసుకుపోయింది.

పొద్దుగూకింది. జమునా ముందు ఇంకా ఇద్దరుండగానే డాక్టర్ లేచాడు.

బుజ్జిని వీపుకెత్తుకొని గేటు దాటబోతే, కాటమ్మ కొడుకుతో ఇంకా అక్కడే నిలబడి ఉంది. జమునా ఇక ఆపుకోలేకపోయింది.

"నీ పని పొద్దుగాల్నే అయిపాయె గదా! నీ దొరబిడ్డ ఇంకా రాలేదా? ఎవరికమ్మా ఆ రాయి పెట్టినవ్?"

కాటమ్మ బాట వైపే చూసింది. లాజరు బెల్లు మీద వేలు పెట్టాడు. నొక్కలేకపోయాడు.

"పోయినేడు ఒక తల్లి ఈడనే కొంగు కప్పుకొని ఏడ్చింది, మొకం సూడలే," అంది కాటమ్మ. "గోడ పట్టుకొని నడుస్తుండె ఆమె బిడ్డ, గా నడిచే పిల్ల కోసమే పొద్దటిసంది సూస్తున్న."